చూసేవాళ్ళకే వస్తాయన్నాను

పన్నెండేళ్ళుగా ఒక అబద్ధం మోస్తున్నాను. చూడ్డానికి పెద్దది కూడా కాదు. మూడు మాటలు. అనడానికి ఒక్క నిమిషం పట్టలేదు. ఆ మూడు మాటలకి ఒక మనిషి మార్కాపురం వదిలి వెళ్ళిపోయాడు. నేను మాత్రం ఇక్కడే ఉన్నాను. అదే దుకాణం, అదే కుర్చీ, అదే నవ్వు మొహం.

మీరెవరో నాకు తెలీదు. అదే మేలు. తెలిసిన మొహం ఎదురుగా ఉంటే ఇది నోటికి రాదు. ఒకసారి నా భార్యకు చెప్పబోయాను. "ఏంది, అట్ల చూస్తాండావు?" అంది. ఏమీ లేదు, పెరుగు ఉందా అని అడిగి అన్నం కలుపుకున్నాను. ఇంకోసారి చిన్ననాటి స్నేహితుడితో కంభం చెరువు కట్ట మీద కూచుని, గంటసేపు అటూ ఇటూ తిప్పి, చివరికి క్రికెట్ మాట్లాడి లేచి వచ్చాను. నాకు వినేవాళ్ళు కావాలి గానీ నా మొహం చూసేవాళ్ళు వద్దు. అందుకని మీకు చెప్తున్నాను. ఓదార్చకండి. "పోనీలే, తెలీక చేశావు" అని మాత్రం అనకండి. తెలిసే చేశాను. ఆ ముక్క ముందే చెప్పేస్తే నా మీద నాకు కోపం కాస్త తగ్గుతుందేమో అనుకున్నాను. తగ్గలేదు.

నాది కంప్యూటర్లు బాగుచేసే దుకాణం. అప్పట్లో మా ఊళ్ళో ఇళ్ళల్లోకి కంప్యూటర్లు అప్పుడప్పుడే వస్తున్నాయి. విండోస్ ఎక్కించాలన్నా నేనే, ప్రింటర్ మొరాయించినా నేనే, తెలుగు అక్షరాలు డబ్బాలు డబ్బాలుగా కనపడినా నేనే. బండి మీద తర్లుపాడు, కంభం, గిద్దలూరు దాకా పోయేవాణ్ణి. అసలు పేరు మరుగున పడి, వైరస్ తీసే అబ్బయ్య అన్న పేరే మిగిలింది. ఆ పేరంటే ఎంత మురిపెమో. పెద్ద పెద్ద ఉద్యోగస్తులు కూడా నా కోసం కుర్చీ లాగి, నేను మౌస్ పట్టుకుంటే వెనక నిలబడి ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళు. డాక్టరుకి ఇచ్చే మర్యాద. నేను చదివింది చూస్తే డిగ్రీ తప్పిన చదువు. ఆ మర్యాద పోతుందేమో అన్న భయమే ఈ కథంతా. ఇంకేదో ఉందని వెతక్కండి.

మస్తాన్ మామ నాకు చుట్టం కాదు. మా ఊళ్ళో వరస పెట్టి పిలవడానికి చుట్టరికం అక్కర్లేదు. అప్పటికి ఆయనకి యాభై దాటి ఉంటాయి. ఇంటి ముందుగదిలో కంప్యూటర్ పెట్టుకుని తెలుగు టైపు చేసేవాడు. శుభలేఖలు, బడి ప్రశ్నపత్రాలు, కలెక్టరుకి పెట్టుకునే అర్జీలు, పలకల ఫ్యాక్టరీల ఉత్తరాలు, అన్నీ ఆయన చేతి మీదుగానే పోయేవి. ఒక్క తప్పు ఉండేది కాదు. ఏ ఒత్తు ఎక్కడ పడాలో అయ్యవార్లు కూడా వచ్చి ఆయన్నే అడిగేవాళ్ళు. ఇంట్లో ఉర్దూ, వేళ్ళల్లో తెలుగు అని ఆయన్ని ఆటపట్టించేవాళ్ళం.

ఆ ముందుగదిలోనే వీధి పిల్లలకి టైపు నేర్పేవాడు. డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్న ఆడపిల్లలే ఎక్కువ. వీధి తలుపు బార్లా తీసి ఉండేది. అత్త అక్కడే గడపలో కూచుని బియ్యం ఏరుకుంటూ ఉండేది. ఆయనది ఒక పద్ధతి. కీబోర్డు మీద, చేతుల మీద కలిపి ఒక తువ్వాలు కప్పేవాడు. "కిందికి చూసినావంటే దొంగతనం చేసినట్టే. కన్ను తెర మీదుండాల. యేలికి తోవ అదే తెలుస్తాది" అనేవాడు. నేర్చుకునేవాళ్ళు మొదట కొట్టాల్సింది వాళ్ళ అమ్మ పేరు. అది తప్పు లేకుండా వచ్చేదాకా రెండో మాటకి పోనిచ్చేవాడు కాదు. మా అమ్మ పేరు నేను కొట్టింది కూడా ఆ తువ్వాలు కిందే. అవును, నాకు తెలుగు టైపు నేర్పింది కూడా ఆయనే. ఇది మీకు ఇప్పుడే చెప్తున్నందుకు నన్ను తిట్టుకోండి, పరవాలేదు.

పాత మిషను చెడిపోయి మామ కొత్తది తెచ్చుకున్నాడు. దాంట్లో తెలుగు టైపు సాఫ్ట్‌వేర్ ఎక్కించాలి. పాత సీడీ గీతలు పడి పనికి రాలేదు. నా దగ్గర పెన్‌డ్రైవ్‌లో ఒక ఫైలు ఉండేది. అది నెట్లో ఏదో ఊరూ పేరూ లేని సైటులో దించుకున్నది. ఆ పేజీ ఇప్పటికీ నా కళ్ళకి కడుతుంది. 'డౌన్‌లోడ్' అని మూడు ఆకుపచ్చ బొత్తాలు. వాటిలో అసలుది అన్నిటికంటే చిన్నది, ఒక మూల నక్కి ఉంటుంది. మిగతా రెండూ ఎర. నేను పెద్దదాన్ని నొక్కాను. ఎందుకంటే పెద్దది కాబట్టి. తొందరలో ఉన్నాను కాబట్టి. వైరస్ తీసే అబ్బయ్యకి ఎర ఏదో అసలుది ఏదో చూసే తీరిక ఎక్కడిది?

మామ ఇంటికి పోయింది శుక్రవారం. ఇది గుర్తు పెట్టుకోండి. నేను పోయేసరికి ఆయన తెల్లచొక్కా వేసుకుని, టోపీ మడిచి జేబులో పెట్టుకుని బయల్దేరుతున్నాడు. జుమ్మా నమాజుకి టైమయింది, నువ్వు నీ పని కానీ, నేను వచ్చేస్తా అని చెప్పి, తన కుర్చీలో నన్ను కూచోబెట్టి మరీ పోయాడు. అత్త టీ ఇచ్చి లోపలికి వెళ్ళింది. ఆ గదిలో ఆ మిషను ముందు నేనొక్కణ్ణే.

ఇలాంటి ఫైలు ఎక్కించేటప్పుడు తెర మీద ఒక పెట్టె వస్తుంది. ఎక్స్‌ప్రెస్ అని ఒకటి, కస్టమ్ అని ఒకటి అడుగుతుంది. ఎక్స్‌ప్రెస్ అంటే చిక్కు లేదు, కళ్ళు మూసుకుని నెక్స్ట్ నెక్స్ట్ కొట్టుకుంటూ పోవడమే. కస్టమ్ అంటే అసలు సరుకు వెనక ఇంకేమేం ఎక్కుతున్నాయో చూపిస్తుంది. అక్కడ చిన్న చిన్న గళ్ళల్లో ముందే టిక్కులు పెట్టి ఉంటాయి. వాటిని ఒక్కొక్కటీ తీసేయాలి. తీయకపోతే బ్రౌజర్ మొదటి పేజీ మారిపోతుంది, వెతికే చోటు మారిపోతుంది, అడక్కుండా ప్రకటనలు ఎగిరి వచ్చి పడతాయి. దీన్నే యాడ్‌వేర్ అంటారు. ఇదంతా నాకు తెలీదా? ఊరందరికీ ఉపదేశం చేసేది నేనే కదా, నెక్స్ట్ కొట్టే ముందు చదవండి సార్ అని. ఆ రోజు టీ చల్లారిపోతోందని నెక్స్ట్ నెక్స్ట్ కొట్టాను. ఆ పెట్టెలు తయారుచేసిన దరిద్రులు ఏ దేశంలో కూచున్నారో గానీ వాళ్ళని నేను తిట్టని రోజు లేదు. సరే, వాళ్ళు దొంగలే. తలుపు తీసి లోపలికి రమ్మన్నది ఎవరు?

మామ వచ్చేసరికి తెలుగు అక్షరాలు చక్కగా పడుతున్నాయి. ఆయన నిలబడే వాళ్ళమ్మ పేరు కొట్టి చూసుకుని, నా భుజం తట్టాడు.

పది రోజులు గడిచాయో లేదో. మామ దగ్గర నేర్చుకునే పిల్లల్లో రాజేశ్వరి అని ఒకమ్మాయి ఉండేది. డిగ్రీ అయింది. వాళ్ళ నాయన కోటయ్య పలకల ఫ్యాక్టరీలో రాయి కోసే పని. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కింది ఆ పిల్లే మొదలు. తొందరగా పట్టేసింది. మామ మెచ్చుకుని, టైపు చేసిన శుభలేఖని ఒంగోలు ప్రెస్సుకి మెయిల్లో ఎట్లా పంపాలో నేర్పుతున్నాడు. పక్కన ఇంకో ఇద్దరు పిల్లలు. ఆ కొత్త మిషనులో మొదటిసారి బ్రౌజర్ తెరిచాడు. పాడు బొమ్మలు. ఒకటి మూస్తే రెండు. రెండు మూస్తే నాలుగు. ఆయనకి చేతులాడక చివరికి గోడకున్న ప్లగ్గు పీకేశాడట. పిల్లలు లేచి వెళ్ళిపోయారు. సాయంత్రానికి వీధి వీధంతా ఒకటే మాట. మస్తాను ఆడపిల్లలకి టైపు నేర్పుతా ఇదా చూపించేది?

మర్నాడు పొద్దున నేను దుకాణం తెరిచి ఊడుస్తుంటే ఆటో ఆగింది. మామ దిగాడు. సిస్టమ్‌ని దుప్పట్లో మూటగట్టి రెండు చేతులా పట్టుకుని దిగాడు. వెనకే కోటయ్య. ఇంకా ఆ వీధివాళ్ళు ముగ్గురు. కోటయ్య రాత్రి పని దిగి అట్లానే వచ్చినట్టున్నాడు, చేతులకి, కనుబొమలకి పలకల దుమ్ము అంటుకునే ఉంది. తగువు తీర్చమని నా దగ్గరికి వచ్చారు. నేనేదో న్యాయాధికారినైనట్టు.

సిస్టమ్‌కి వైర్లు తగిలించాను. మానిటర్ నా వైపుకి తిరిగి ఉంది. వాళ్ళకి దాని వీపు మాత్రమే కనపడుతుంది. కంట్రోల్ ప్యానెల్ తెరిచి, ఎక్కించిన ప్రోగ్రాముల పట్టికలోకి వెళ్ళి, తారీఖు వరసలో పెట్టాను. చెత్త పట్టుకోవడానికి అంతకంటే సులువైన మార్గం లేదు. కొత్తగా ఎక్కినవి పైకి వస్తాయి. మూడు వచ్చాయి. ఎప్పుడూ వినని పేర్లు. వాటి పక్కనే తెలుగు టైపు సాఫ్ట్‌వేర్. నాలుగింటికీ ఒకటే తారీఖు.

నేను మామ ఇంటికి పోయిన శుక్రవారం తారీఖు. అయినా ఆశ. అదే రోజు మామ వచ్చాక ఏదైనా నొక్కాడేమో? ఆ ఆశతో, ఎంత నీచమైన ఆశో చూడండి, లోపలి ఫోల్డర్ మీద కుడి బొత్తాం నొక్కి ప్రాపర్టీస్ చూశాను. టైము ఉంది. శుక్రవారం, మధ్యాహ్నం ఒకటీ ఇరవై. మామ మసీదులో ఉన్నాడు. కుర్చీలో నేనున్నాను.

"ఏంది అబ్బయ్యా, మాట్లాడవు?" అన్నాడు కోటయ్య. "ఆ పాడు బొమ్మలు యాడ్నించి వచ్చినాయి?"

"యాడ్‌వేర్ అంటారన్నా. ప్రకటనల పురుగు." ఇంతవరకూ నిజమే చెప్పాను.

"పురుగో పుట్రో. ఎవురో ఒకరు పిలవందే అది ఇంట్లోకి ఎట్ల వచ్చింది?"

మామ బల్ల మీద రెండు చేతులూ ఆనించి నా మొహంలోకి చూశాడు. "నువ్వు చెప్పు అబ్బయ్యా. నాకు టైపు తప్ప దీని సంగతి ఏం తెలుసు? నేనేమన్నా తెలీక తప్పు నొక్కినానేమో. నువ్వేం చెప్తే అదే."

నువ్వేం చెప్తే అదే. ఇంత నమ్మకం ఒక మనిషి మీద ఎందుకు పెట్టాలి? నా పెన్‌డ్రైవ్‌లో ఉన్న ఆ ఫైలే బడుల్లో, ఆఫీసుల్లో, ఇళ్ళల్లో ఎన్ని మిషన్లలో ఎక్కించానో నాకు లెక్క లేదు. వీళ్ళు బయటికి పోయి పురుగు పెట్టింది అబ్బయ్యే అంటే? రేపటి నుంచి ఏ మొహం పెట్టుకుని వాళ్ళ కుర్చీల్లో కూచుంటాను? ఇదంతా నేను ఆలోచించానా, లేక ఇప్పుడు సాకు కోసం అల్లుకుంటున్నానా? నిజంగా తెలీదు. నోరు తెరుచుకుంది, అంతే.

"అట్లాంటివి చూసేవాళ్ళకే వస్తాయి."

మామ బల్ల మీంచి చేతులు తీసేశాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "నేను చూసినానా అబ్బయ్యా?"

"నాకేం తెలుసు మామా? సిస్టమ్ అట్ల చెప్తాంది."

సిస్టమ్ చెప్పింది వేరే. సిస్టమ్ నా కళ్ళ ముందు నా పేరే చెప్తోంది. ఆ నోరులేని డబ్బా ఒక్కటే ఆ గదిలో నిజం చెప్పింది. దాని మీదికే నెట్టాను.

కోటయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "ఇంక చాలు. మా పిల్ల నీ గడప తొక్కదు మస్తానూ" అన్నాడు. అంతవరకూ ఆయన్ని మస్తానన్నా అని పిలిచేవాడు. ఆ అన్న అక్కడ రాలిపోయింది. వాళ్ళు పోయారు. మామ పోలేదు. దుప్పటి మడత పెడుతూ నిలబడ్డాడు, నాలుగు మూలలూ సరిగ్గా కలిసేదాకా. నేను ఆ మూడు చెత్త ప్రోగ్రాముల్నీ ఒక్కొక్కటే అన్‌ఇన్‌స్టాల్ చేశాను, బ్రౌజర్‌కి అతుక్కున్న తోకలు పీకేశాను, ఫోల్డర్లు తుడిచేశాను. అన్నీ పద్ధతి ప్రకారం. ఆ పనిలో నన్ను మించినవాడు లేడు కదా! పురుగుతో పాటు ఆ తారీఖు పోయింది, ఆ టైము పోయింది. ఆయన తరఫున ఉన్న ఒక్క సాక్ష్యాన్ని ఆయన్ని ఎదురుగా నిలబెట్టుకుని నేను చెరిపేశాను. పైగా మానిటర్ ఆయన వైపు తిప్పి, చూడు మామా, శుభ్రంగా ఉంది అని చూపించాను.

ఆయన చూసి తలూపాడు. ఎంత పని చేసిపెట్టినావు నాయనా అన్నాడు. ఇది ఎప్పటికీ మర్చిపోలేను. వెక్కిరింపు కాదు. నిజంగానే అన్నాడు.

ఇక్కడితో ఆగి ఉంటే పిరికివాణ్ణి అని సరిపెట్టుకునేవాణ్ణి. ఆగలేదు. ఆ వారమంతా బండి వేసుకుని, ఆ ఫైలు ఎక్కించిన చోటల్లా తిరిగాను. ఉచిత సర్వీసింగ్ అని చెప్పాను. లోపల కూచుని ఆ చెత్త అంతా పీకి వచ్చాను. ఆహా ఏం కుర్రాడండీ, పిలవకుండా వచ్చి చూసిపోతాడు అన్నారు. ఒక బడిలో పిల్లలందరి ముందూ శాలువా కప్పారు. ఇంకొకచోట ఒక పెద్ద ఉద్యోగి గది తలుపు వేసి, గొంతు తగ్గించి, ఏవో బొమ్మలు వస్తున్నాయయ్యా అన్నాడు. నేనేమన్నానో తెలుసా? "వాటంతట అవే వస్తాయి సార్, ఇందులో మీ తప్పేం లేదు" అన్నాను. సార్‌కి తప్పు లేదు. శుభలేఖలు కొట్టుకునే మామకి తప్పు ఉంది. అదే పురుగు, అదే ఫైలు, అదే నోరు. తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

రాజేశ్వరి ఒక రోజు దుకాణానికి ఒక్కతే వచ్చింది. మెట్టు మీదే నిలబడింది.

"అన్నా, నిజంగానే చూసేవాళ్ళకే వస్తాయా? మామ అట్లాంటి మనిషి కాదన్నా. ఆ పొద్దు నేను పక్కనే ఉండా. వాటిని మూయలేక ప్లగ్గు పీకేసినాడు. మా నాయనకి ఎంత చెప్పినా వినడు. నువ్వొక్క మాట చెప్తే వింటాడు."

అక్కడ కోటయ్య లేడు. గుంపు లేదు. ఆ పిల్ల నన్ను తిట్టడానికి కూడా రాలేదు, తలుపు తెరిచి దారి చూపించడానికి వచ్చింది. మొదటి అబద్ధం భయంతో అన్నాను సరే, ఒప్పుకుందాం. ఈ రెండోది దేంతో అన్నాను? "నీకెందుకమ్మా ఇవన్నీ, ఇంటికి పో" అన్నాను. ఆమె నా మొహం చూసింది. నాకు అనుమానం, ఆమెకి ఆ నిమిషమే అర్థమైపోయిందని. తర్వాత ఎప్పుడూ మా దుకాణం ఉన్న వైపు నుంచి నడవలేదు. ఉద్యోగాల కోసం రాసే టైపు పరీక్షకి పోలేదని విన్నాను. తర్వాత సంగతి తెలుసుకోలేదు. తెలుసుకునే ధైర్యం లేదని రాస్తే సరిగ్గా ఉంటుంది.

మామ దగ్గరికి పిల్లలు రావడం మానేశారు. తర్వాత శుభలేఖలు ఆగిపోయాయి. పెళ్ళి మాట కదా, మంచిచెడ్డా చూసుకోవద్దా అన్నారట. తర్వాత బడులవాళ్ళు. అత్త వీధి తలుపు వేసేసుకుంది, పట్టపగలు కూడా. ఏడాది తిరగకుండా ఇల్లు ఖాళీ చేసి, కురిచేడులో కూతురి దగ్గరికి పోయారు. నేను సామాను ఎక్కించడానికి సాయం కూడా చేశాను. చేశానండీ! సిస్టమ్‌ని అదే దుప్పట్లో చుట్టి వ్యానులో పెట్టింది నేనే.

ఆయన మీద కూడా నాకు కోపం. మీకు వింతగా ఉంటుంది గానీ ఉంది. ఎందుకు అరవలేదు? నా కాలర్ పట్టుకుని, ఎక్కించింది నువ్వే కదరా అని ఒక్క కేక ఎందుకు వేయలేదు? వేసి ఉంటే అక్కడే కూలిపోయేవాణ్ణి. ఆ వీధి మీద కోపం. ముప్పై ఏళ్ళు చూసిన మనిషి కంటే, మానిటర్ వెనక కూచున్న నేను ఎక్కువైపోయానా వాళ్ళకి? ఈ కోపాలన్నీ చుట్టూ తిరిగి నా దగ్గరికే వస్తాయి, నాకు తెలుసు. ఇంకొకరి మీద కాసేపు కోపంగా ఉంటే ఆ కాసేపు నా మొహం నాకు కనపడదు. అందుకే.

రెండేళ్ళ కిందట పని మీద కురిచేడు పోయాను. స్టేషన్లో దిగి బజార్లో నడుస్తుంటే కందుల బస్తాల మధ్య మామ కనపడ్డాడు. డబ్బాలో నల్లరంగు, చేతిలో బ్రష్షు. ఒక్కొక్క గోతం మీద రైతుల పేర్లు రాస్తున్నాడు. గుండ్రంగా, ఒత్తులు తప్పకుండా, అచ్చు వేసినట్టు. గడ్డం పూర్తిగా నెరిసింది. నేను ఒక లారీ చాటుకి తప్పుకుని, ఆయన నాలుగు బస్తాలు రాసేదాకా చూసి, వచ్చిన దారినే వెళ్ళిపోయాను. పని కూడా చూసుకోలేదు.

అప్పుడు కూడా రాయలేదు ఇది. ఇప్పుడెందుకంటే, పోయిన నెల తర్లుపాడు నుంచి ఒక టీచరమ్మ వచ్చింది. ఇంట్లో వాడే లాప్‌టాప్ తెచ్చింది. నాకు తప్ప ఎవరికీ వినపడకుండా, ఏవేవో అసహ్యంగా వస్తున్నాయని చెప్పింది. తెరిచాను. ఏదో సైటు 'అనుమతించండి' అని అడిగితే నొక్కేసింది, దానికి తోడు ఉచితంగా దించుకున్న పీడీఎఫ్ సాఫ్ట్‌వేర్ వెంట ఇంకో పురుగు. ఇప్పటి పురుగులు ఇంతే, పేర్లు మారాయి, ఎర అదే. నోటిఫికేషన్లు ఆపేశాను, బ్రౌజర్‌కి అతుక్కున్నవి తీసేశాను, అన్నీ చూపిస్తూ చేశాను. ఇప్పుడు మానిటర్ ఎప్పుడూ మనుషుల వైపే తిప్పి పెడతాను. ఇవి వాటంతట అవే వస్తాయమ్మా, మీ తప్పేం లేదు, ఎక్కడ దించుకున్నా కస్టమ్ నొక్కి గళ్ళల్లో టిక్కులు తీయండి అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చింది ఆ మాట! మంచినీళ్ళు తాగినంత తేలిక.

ఆమె కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది. "అట్లనా సార్? చూసేవాళ్ళకే వస్తాయంట కదా. మా ఆయన నన్ను నాలుగు రోజుల్నించి ఒకటే అడుగుతాండాడు, ఏం చూసినావు, ఏం చూసినావు అని."

ఎవరు చెప్పారమ్మా అట్లా అని అడిగాను. అడక్కుండా ఉండాల్సింది.

"అందరూ అంటారు కదా సార్. మార్కాపురంలో కంప్యూటర్లాయన ఎవరో పెద్దమనిషి చెప్పినాడంట ఎప్పుడో."

నా మూడు మాటలు. నేను వాటిని ఇన్నేళ్ళుగా లోపల దాచి కాపలా కాస్తున్నాననుకున్నాను. అవి ఎప్పుడో గోడ దూకి ఊళ్ళు తిరుగుతున్నాయి. ఏ ఇంట్లో దూరాయో, ఎవరి మొగుడు ఎవర్ని నిలదీశాడో, ఏ నాయన ఏ పిల్ల చదువు మాన్పించాడో. ఒక్క మామతో అయిపోయిన పాపం అనుకుని దానికే కుమిలిపోతున్నాను నేను. ఎంత పొగరు! మిషన్లలో పురుగులన్నీ వారంలో ఏరేశాను. మనుషుల్లోకి వదిలిన ఈ పురుగుని ఏ కంట్రోల్ ప్యానెల్లోకి పోయి తీయను?

అందుకే ఇది. కింద నా అసలు పేరు రాయలేదని మీరు గమనిస్తారు. ఇన్ని పేజీలు రాసీ పేరు దగ్గర చేయి ఆగిపోయింది, పిరికి చేయి. సరే, దానికీ ఒక మందు వేశాను. మీకు పంపేది కాక ఇంకో రెండు కాపీలు ప్రింటు తీస్తాను. ఒకటి కురిచేడుకి. నేనే తీసుకుపోయి ఇస్తాను. ఆయన చదవనీ, చింపేయనీ, నా మొహాన కొట్టనీ. క్షమించమని అందులో ఎక్కడా రాయలేదు. ఆ మాట అడిగితే మళ్ళీ ఆయన్నే ఏదో ఒకటి ఇమ్మన్నట్టవుతుంది. రెండోది నా దుకాణం అద్దానికి అంటిస్తాను, వైరస్ తీయబడును అన్న బోర్డు పక్కన, వీధిలోకి కనపడేట్టు. అద్దం మీద ఉన్నాక పేరెందుకు? కోటయ్య ఇప్పటికీ పనికి ఆ దారినే పోతాడు. ఆయనకి చదువు రాదు. ఎవరో ఒకరు చదివి వినిపించాలి. రాజేశ్వరి వినిపిస్తుందేమో.

తేలికైందా అంటారా? తేలికైంది. ఆ తేలికదనం మీద కూడా ఒళ్ళు మండుతోంది, నాకేం హక్కుందని. అయినా ఊపిరి ఆడుతోంది, ఆ సంగతి దాచను. ఇప్పటికే దాచింది చాలు.

చివరి పేజీకి మాత్రం కీబోర్డు మీద తువ్వాలు కప్పుకున్నాను. కిందికి చూడలేదు. మొదట మా అమ్మ పేరు కొట్టాను, తప్పు పడలేదు, చెరిపేశాను. తర్వాత ఆ పొద్దు బల్ల దగ్గర చెప్పాల్సింది కొడుతున్నాను.

కోటయ్యన్నా, మస్తాన్ మామ ఏమీ చూడలేదు. ఆ బొమ్మలు నేను తెచ్చి పెట్టినాను. శుక్రవారం, మధ్యాహ్నం ఒకటీ ఇరవైకి. ఆయన అప్పుడు మసీదులో ఉన్నాడు.